అడంగల్లో పంట, చేలో పంట

మా బావమరిదికి గుంటూరులో పచ్చళ్ల వ్యాపారం. ఆవకాయ, గోంగూర, పండుమిరప, కాకరకాయ కారం. అమెరికా వెళ్లే పిల్లల సూట్‌కేసుల్లో నూనె కారకుండా ఉండే ప్యాకింగ్ అతని ప్రత్యేకత. ఈమధ్య వెబ్‌సైటు కట్టించుకున్నాడు. కట్టిన కుర్రాడు పంపిన బిల్లు ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టి, వెంటనే ఫోన్ చేశాడు.

"బావా, డొమైన్ అంటే తెలిసింది, హోస్టింగ్ అంటే తెలిసింది. ఈ మూడో లైన్లో సైట్‌మ్యాప్ క్రియేషన్ అండ్ సబ్మిషన్ అని నాలుగు వేలు వేశాడు. ఇదేంటి? షాపుకి దారి చూపించే మ్యాపా? అది మనమే పెట్టుకున్నాంగా!"

సైటు తెరిచి చూశాను. మొత్తం కలిపి పద్నాలుగు పేజీలు. ఏ పేజీ కావాలన్నా మొదటి పేజీ మెనూలోంచి ఒక్క నొక్కుతో దొరుకుతోంది. "నీకు ఇది అక్కర్లేదురా" అన్నాను.

అనేసి నాలుక కరుచుకున్నాను. అంతకు పది రోజుల ముందే, పాత సాహిత్య పత్రిక సంచికల్ని ఇంటర్నెట్లో పెడుతున్న ఒక పెద్దాయన దగ్గర కూర్చుని, "మేష్టారూ, మిగతావన్నీ తర్వాత చూసుకుందాం, ముందు సైట్‌మ్యాప్ సంగతి తేల్చండి" అని గట్టిగా చెప్పి వచ్చాను. ఈ రెండు మాటలూ అన్నది ఒకటే నోరు. రెండూ నిజమేనని ఇప్పటికీ నా నమ్మకం. ఎవరికి ఏది నిజమో, ఎంతవరకు నిజమో తేల్చుకోవాలంటే ముందు ఆ ఫైలు విప్పి చూడాలి.

సైట్‌మ్యాప్ అంటే సైటులో ఉన్న పేజీల చిరునామాల జాబితా. చదివేది మనిషి కాదు, సెర్చింజన్ల తరఫున పేజీలు ఏరుకుంటూ తిరిగే క్రాలర్ అనే ప్రోగ్రాము. సర్వర్లో ఒక మూల ఎక్స్‌ఎంఎల్ ఫైలుగా పడి ఉంటుంది. తెరిస్తే కంటికి ఇంపైనదేమీ కనిపించదు. యూఆర్‌ఎల్‌సెట్ అని ఒక పెద్ద సంచి, అందులో పేజీకొకటి చొప్పున చిన్న పొట్లాలు. పొట్లంలో తప్పకుండా ఉండాల్సింది ఒక్కటే: లోక్ అనే ట్యాగులో ఆ పేజీ పూర్తి చిరునామా. ఇష్టముంటే ఇంకో మూడు చేర్చుకోవచ్చు. పేజీ చివరిసారి ఎప్పుడు మారిందో చెప్పేది లాస్ట్‌మాడ్. ఎన్నాళ్లకోసారి మారుతుంటుందో చెప్పేది ఛేంజ్‌ఫ్రీక్. మీ సైటులోనే మిగతా పేజీల పక్కన దీని విలువెంతో 0.0 నుంచి 1.0 దాకా అంకె వేసి చెప్పేది ప్రయారిటీ. ఒక్కో ఫైల్లో 50,000 చిరునామాలు మించకూడదు, కుదించకముందు సైజు 50 ఎంబీ దాటకూడదు. దాటితే ముక్కలు చేసి, ఆ ముక్కలన్నిటికీ కలిపి ఇండెక్స్ ఫైలు ఒకటి పెట్టుకోవాలి. మామూలు మనిషికి ఈ హద్దులతో పనిపడదు.

ఈ పద్ధతిని 2005 జూన్‌లో గూగుల్ మొదలుపెట్టింది. 2006 నవంబరులో యాహూ, మైక్రోసాఫ్ట్ కూడా వచ్చి చేరి, ముగ్గురూ ఒకే నమూనాకు కట్టుబడతామన్నారు. వెతుకులాట వ్యాపారంలో ఒకరినొకరు తరుముకుంటున్న రోజుల్లో ఆ ముగ్గురూ ఒక మాట మీదికి రావడం చిన్న విషయమేమీ కాదు. 2007లో ఇంకో సౌకర్యం వచ్చింది. రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీ అనే చిన్న ఫైల్లో సైట్‌మ్యాప్ ఎక్కడుందో ఒక్క వరుస రాస్తే చాలు, ఏ సెర్చింజన్ అయినా వచ్చి చూసుకుంటుంది. ప్రతి ఆఫీసుకూ వెళ్లి అర్జీ ఇవ్వక్కర్లేదు.

సైట్‌మ్యాప్ లేకపోతే క్రాలర్ ఏం చేస్తుంది? ఊరికి కొత్తగా వచ్చిన పోస్ట్‌మన్ చేసేదే. ఒక గుమ్మం దగ్గర ఆగి పక్కిల్లు ఎవరిదని అడుగుతాడు, వాళ్లు చెప్పిన ఇంటికి వెళ్లి ఆ పక్కిల్లు అడుగుతాడు. క్రాలర్‌కు లింకులే ఆ పక్కిళ్లు. ఎవరూ వేలు పెట్టి చూపించని ఇల్లు ఊరి చివర ఒంటరిగా ఉంటే, అందులో మహారాజు కాపురమున్నా ఉత్తరం చేరదు. అలాంటి పేజీలను ఈ పనిలో ఉన్నవాళ్లు అనాథ పేజీలంటారు.

నాకు మాత్రం సైట్‌మ్యాప్ అనగానే గుర్తొచ్చేది అడంగల్. తెలంగాణ వాళ్లకు పహాణీ. ఏ సర్వే నంబరులో ఎంత విస్తీర్ణం, సాగు ఎవరిది, ఏం పంట వేశారు, అన్నీ అందులో ఉంటాయి. చేను వేరు, అడంగల్ వేరు. గట్టు మీద నడవకుండా ఇంట్లో కూర్చుని రాసిన అడంగల్లు మా చిన్నప్పుడు చాలానే చూశాం. మా తాత పత్తి వేసిన ఏడాది కూడా కాగితంలో మిరపే ఉండేది, ఎందుకంటే అంతకుముందు ఏడాది మిరప వేశాడు. ఆ కాగితంతో పని పడనంతకాలం ఎవరికీ నష్టం లేదు. నష్టపరిహారం రాసే వేళకే అసలు సంగతి బయటపడేది.

ఇక వద్దనేవాళ్ల వాదన. చిన్న సైటుకు ఇది అక్కర్లేదన్నది నేను కనిపెట్టిన మాట కాదు. సెర్చ్‌లో కనిపించాల్సిన పేజీలు సుమారు 500 లోపు ఉండి, అవన్నీ ఒకదాన్నుంచి ఒకటి లింకులతో అందుతుంటే సైట్‌మ్యాప్ లేకపోయినా ఫర్వాలేదని గూగుల్ తన సహాయ పత్రాల్లోనే రాసుకుంది. పద్నాలుగు పేజీల పచ్చళ్ల సైటులో క్రాలర్ తప్పిపోవడమంటే రెండు గదుల ఇంట్లో అల్లుడు తప్పిపోవడమే.

రెండో మాట ఇంకా ముఖ్యమైంది. సైట్‌మ్యాప్ ఆజ్ఞ కాదు, విన్నపం. ఇందులో రాసిన చిరునామాలన్నీ వచ్చి చూడాలని గానీ, చూసినవన్నీ ఇండెక్సులో, అంటే వెతికినప్పుడు చూపించే తన జాబితాలో, పెట్టుకోవాలని గానీ సెర్చింజన్ మీద ఏ బలవంతమూ లేదు. శుభలేఖ ఇచ్చినంత మాత్రాన అందరూ పెళ్లికి వస్తారా? గూగుల్ వాళ్ల సెర్చ్ కన్సోల్‌లో సైట్‌మ్యాప్ ఎక్కించగానే పచ్చరంగులో 'సక్సెస్' అని పడుతుంది. దాన్ని చూసి మురిసిపోయి నాకు స్క్రీన్‌షాట్లు పంపినవాళ్లు ఎందరో. ఫైలు తెరుచుకుంది, తప్పుల్లేకుండా చదవగలిగాం అనడమే ఆ మాటకు అర్థం. పేజీలు ఇండెక్స్ అయ్యాయని కాదు. ర్యాంకు పెరుగుతుందనడం అసలే కాదు. నాలుగు వేలు పుచ్చుకునేవాళ్లు చాలామంది ఈ తేడా చెప్పరు. కొందరికి తెలియదు కూడా.

మూడోది ఆ ప్రయారిటీ, ఛేంజ్‌ఫ్రీక్‌ల కథ. రెండిటినీ పట్టించుకోబోమని గూగుల్ ఎప్పుడో తేల్చి చెప్పింది. కారణం ఊహించడం కష్టం కాదు. సైటు పెట్టిన ప్రతివాడూ ప్రతి పేజీకీ 1.0 వేసుకున్నాడు. మూడేళ్లుగా ముట్టుకోని 'మా గురించి' పేజీకి కూడా 'ప్రతి గంటకూ మారుతుంది' అని రాసుకున్నాడు. క్యూలో ఉన్న అందరి చేతిలోనూ సిఫారసు ఉత్తరం ఉంటే ఇక ఉత్తరాలు చూసేదెవరు? అయినా ఈ అంకెలను సర్దడానికి ఇవాళ్టికీ గంటలు వెచ్చించేవాళ్లున్నారు. 0.8 వేయాలా 0.9 వేయాలా అని ఒకాయన నన్ను రాత్రి పదకొండుకు అడిగాడు. మీకు అచ్చొచ్చిన అంకె వేసుకోండి అన్నాను.

ఇంతవరకు వింటే వద్దనేవాళ్లదే పైచేయి. ఇప్పుడు మేష్టారి సైటుకు వద్దాం.

ఆయన సైటులో వేల కథలు, కవితలు, వ్యాసాలు ఉన్నాయి. పెట్టిన తీరు చూస్తే గుండె జారిపోయింది. ఏడాది ఎంచుకో, నెల ఎంచుకో, 'చూపించు' బొత్తాం నొక్కు. అప్పుడు ఆ నెల సంచిక వస్తుంది. మనిషికి ఫర్వాలేదు, రెండు నొక్కుల పని. క్రాలర్ అలా ఏడాదీ నెలా ఎంచుకుని బొత్తాం నొక్కుతుందని నమ్మడానికి లేదు. అది లింకు పట్టుకుని నడిచే జీవి. కాబట్టి ఆ వేల కథల్లో మొదటి పేజీ మీద ఉన్న పదో పన్నెండో తప్ప మిగతావి గూగుల్ దృష్టిలో పుట్టనే లేదు. కథ పేరు అక్షరం పొల్లుపోకుండా కొట్టినా వచ్చేది కాదు. ఇలాంటి చోట సైట్‌మ్యాప్ చేసే మేలు మరే పనీ అంత త్వరగా చేయదు. డేటాబేసులో ఉన్న ప్రతి కథ చిరునామా ఒక ఫైల్లోకి దించి చేతికిస్తే, క్రాలర్‌కు ఊళ్లో ఇళ్లన్నీ ఒక్కసారే తెలుస్తాయి.

కొత్త సైట్లకూ ఇదే. బయటి నుంచి ఒక్క లింకు కూడా లేనప్పుడు, ఊరే ఉందని ఎవరికీ తెలియనప్పుడు, సైట్‌మ్యాప్ మొదటి కబురు. వార్తల సైట్లది వేరే అవసరం. వాళ్లకోసం గూగుల్ వేరే తరహా సైట్‌మ్యాప్ పెట్టింది. అందులో గత రెండు రోజుల వార్తలే ఉండాలి, ఫైలుకు వెయ్యి మించకూడదు. రెండు రోజులు దాటితే వార్త జాబితాలోంచి తప్పుకోవాలి. దినపత్రిక పాతబడితే పొట్లాలకు పోయినట్టే.

మేష్టారి సైటు దగ్గరే తెలుగు లాంటి లిపుల్లో రాసేవాళ్లకు ఎదురయ్యే ఒక చిక్కు బయటపడింది. దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇంగ్లిష్‌లో రాసిన పాఠాల్లో ఇది నాకు ఎక్కడా కనిపించలేదు.

సైట్‌మ్యాప్‌లో చిరునామా తెలుగు అక్షరాల్లో ఉంటే, దాన్ని శాతం గుర్తులున్న సంకేతాల్లోకి మార్చి రాయాలి. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు తీసుకుంటుంది. ఒక్కో బైటూ ఒక శాతం గుర్తు, రెండు అంకెలుగా మారుతుంది. అంటే మన 'త' అనే ఒక్క అక్షరం ఫైల్లో %ఈ0%బీ0%ఏ4 అని తొమ్మిది గుర్తులై కూర్చుంటుంది. గుణింతానికి వేరే లెక్క: 'తె' అంటే త ఒకటి, ఎత్వం ఒకటి. ఆ లెక్కన 'తెలుగు' అన్న మూడక్షరాల మాటకు ఆరు గుర్తులు, ఆరు తొమ్ములు 54. మన భాష పేరు రాయడానికే 54 గుర్తులు! చిరునామా మొత్తం 2,048 గుర్తుల లోపు ఉండాలన్నది సైట్‌మ్యాప్ నియమం. అది తగలడం అరుదు. మనవాళ్లకు తగిలేది అంతకు ముందే ఉన్న ఇంకో గోడ. సైట్లు కట్టడానికి వాడే వర్డ్‌ప్రెస్ అనే ప్రోగ్రాము, కథ పేరులోంచి చిరునామా తయారుచేసేటప్పుడు 200 గుర్తుల దగ్గర కత్తిరించేస్తుంది. ఇంగ్లిష్ శీర్షిక అంత పొడుగు ఎప్పుడోగాని ఉండదు. తెలుగుకు 200 అంటే ఇరవై రెండు గుర్తులు.

ఒక కథ పేరు 'మా ఊరి చెరువు గట్టు మీద సాయంత్రం' అనుకుందాం. చిరునామాలో అది 'మా-ఊరి-చెరువు-గట్టు-మీద-సా' అని ఆగిపోతుంది. సాయంత్రం కాస్తా 'సా' అయింది. ఒక్క కథకు ఇలా జరిగితే నవ్వుకుని ఊరుకోవచ్చు. ధారావాహికల దగ్గరే కొంప మునుగుతుంది. నవల పేరు ముందు, 'పదునాల్గవ భాగం' అన్నది చివర. పేరు కాస్త పొడుగైతే భాగం సంఖ్య మొత్తం కత్తిరింపులో పోతుంది. అన్ని భాగాలకూ ఒకే చిరునామా కుదరదు గనక వర్డ్‌ప్రెస్ తోకలో 2, 3, 4 అని తగిలించుకుంటూ పోతుంది. ఆ అంకెలకూ భాగాల వరుసకూ సంబంధం లేదు, ఏది ముందు ఎక్కిస్తే దానికి ముందు అంకె. మేష్టారి సైటులో ఒక నవల ఏడో భాగం చిరునామా చివర 12 ఉంది. టైపు చేసే అమ్మాయి సెలవు పెట్టిన వారం ఎవరో వెనక భాగాలు ముందు ఎక్కించారట. ఇన్నేళ్లుగా అది ఎవరి కంటా పడలేదు. సైట్‌మ్యాప్ తెరిచి వరసగా చదువుతుంటే పడింది. క్రాలర్‌కు ఇచ్చే కాగితం తన ఇంటి సంగతులే తనకు చెబుతుందని ఆయన అనుకోలేదు. కాసేపు కళ్లద్దాలు తుడుచుకుంటూ కూర్చుని, "ఇన్నాళ్లూ మన చేను మనమే చూసుకోలేదన్నమాట" అన్నారు.

సైట్‌మ్యాప్ వల్ల సెర్చింజన్‌కు కలిగే లాభం కన్నా, దాన్ని తయారుచేయబోయి తన సరుకు తాను లెక్క చూసుకున్న యజమానికి కలిగే లాభం ఎక్కువ అన్నది నాకు అనుభవం మీద తేలిన సంగతి. కథలకు ఒక ఫైలు, కవితలకు ఒకటి, రచయితల పరిచయాలకు ఒకటి అని విడగొట్టి పెడితే, సెర్చ్ కన్సోల్ ఒక్కో ఫైలుకూ ఇండెక్స్ అయినవెన్నో కానివెన్నో విడివిడిగా చూపిస్తుంది. రోగం ఏ వేలికుందో తెలుస్తుంది. మేష్టారి సైటులో కథలు మెల్లగా ఒక్కొక్కటే వెతుకులాటలో తగలడం మొదలైంది. కవితలు సగం దగ్గర ఆగిపోయాయి. పాత సంచికల పుటలు మాత్రం దాదాపు కదల్లేదు. 'డిస్కవర్డ్ - కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్' అనే గడిలో కొన్ని, 'క్రాల్డ్ - కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్' అనే గడిలో కొన్ని. మొదటిదానికి అర్థం, చిరునామా తెలుసు, ఇంకా రాలేదు అని. రెండోదానికి, వచ్చి చూశాం, పెట్టుకోవాలనిపించలేదు అని.

ఎందుకు అనిపిస్తుంది? ఆ పుటలు కొన్ని స్కాన్ చేసిన బొమ్మలు, లోపల చదవదగిన అక్షరం ఒక్కటీ లేదు. కొన్ని యూనికోడ్ రాకముందు టైపు చేసినవి. ఆ రోజుల్లో ఎవరి ఫాంటు వారిది. తెర మీద తెలుగులా కనిపించేది, అడుగున మాత్రం ఇంగ్లిష్ అక్షరాల గందరగోళం. సైట్‌మ్యాప్ అతిథిని గుమ్మం దాకా తీసుకొచ్చింది. లోపల కూర్చోబెట్టడానికి చాప లేదు. ఆ పుటల్ని యూనికోడ్‌లోకి మార్చడం, బొమ్మల్లోంచి అక్షరాలు తీసి సరిచూడడం నెలల పని, డబ్బు పని. సైట్‌మ్యాప్ ఒక్క సాయంత్రం పని. ఒక్క సాయంత్రంలో అయ్యే పనిని నెలల పనికి బదులుగా చూపించడమే ఈ రంగంలో పెద్ద మోసం. చాలాసార్లు అది తెలియక చేసే మోసం.

వద్దనేవాళ్ల వాదనలో నేను పూర్తిగా ఒప్పుకునేది ఇక్కడే ఉంది. సైట్‌మ్యాప్ పెట్టాంగా అని లింకులు కట్టడం మానేస్తారు. చిరునామా జాబితాలో ఉంది కానీ సైటులో ఏ పేజీ దాని పేరెత్తదు. అలాంటి పేజీని చూసిన సెర్చింజన్, కన్నవాళ్లే పలకరించని బిడ్డను నేనెందుకు ఎత్తుకోవాలి అనుకుంటుంది. మేష్టారికి సైట్‌మ్యాప్ ముందన్నాను గానీ, ఆ వెంటనే ఏడాదికో పేజీ పెట్టి ఆ ఏటి కథలన్నీ మామూలు లింకులుగా వరసగా రాయించమన్నాను. ఆ రెండో పని అయి ఉంటే మొదటిదాని అవసరం సగానికి తగ్గేది. రెండో పనికి మనిషి కావాలి, మొదటిదానికి ప్రోగ్రాము చాలు. అందుకే మొదటిది ముందు జరిగింది.

ఇక లాస్ట్‌మాడ్ సంగతి. ఐచ్ఛికమైన ఆ మూడు ట్యాగుల్లో ఇప్పటికీ ప్రాణం ఉన్నది ఇదొక్కటే. తేదీలు నిజమని తరచి చూసినప్పుడు తేలుతుంటే, వాటిని లెక్కలోకి తీసుకుంటామని గూగుల్ అంటుంది. 2023 జూన్‌లో గూగుల్ ఒక పాత అలవాటును మాన్పిస్తున్నట్టు ప్రకటించింది. అంతకుముందు సైట్‌మ్యాప్ మారినప్పుడల్లా ఒక ప్రత్యేక చిరునామాను తట్టి 'మారింది, వచ్చి చూడండి' అని చెప్పే వీలుండేది. దానికి పింగ్ అని పేరు. ఎవరైనా తట్టొచ్చు, తట్టేవాడెవడో అడగరు. వచ్చేవాటిలో చెత్తే ఎక్కువైంది. ఆ తలుపు మూసేస్తున్నాం, తేదీలు సరిగా రాయండి చాలు అంది. మైక్రోసాఫ్ట్ వాళ్ల బింగ్ అంతకు ఏడాది ముందే అలాంటి తలుపు మూసింది. దాని బదులు, 2021లో బింగ్, యాండెక్స్ కలిసి తెచ్చిన ఇండెక్స్‌నౌ పద్ధతి ఉంది. అందులో తట్టేవాడు తన తాళంచెవి చూపించాలి. గూగుల్ అందులో చేరలేదు.

తేదీ సరిగా రాయడం అంటే చిన్న పనిలా వినిపిస్తుంది. నేను చూసిన సైట్లలో సగం అక్కడే తప్పుతున్నాయి. సైటుకు అదనంగా తగిలించుకునే కొన్ని ప్లగిన్లు సైట్‌మ్యాప్ తయారైన క్షణాన్నే అన్ని పేజీలకూ తేదీగా కొట్టేస్తాయి. పదేళ్ల నాటి కవిత కూడా ఇవాళ పొద్దున్నే మారిందంటాయి. ఇంకొన్ని చోట్ల అడుగున ఉన్న కాపీరైట్ సంవత్సరం మారితే చాలు, జనవరి ఒకటిన సైటంతా కొత్తదైపోతుంది. క్రాలర్ నమ్మి వస్తుంది, చూస్తుంది, ఏమీ మారలేదు. మళ్లీ వస్తుంది, మళ్లీ అంతే. 'నాన్నా పులి' కథ తెలియని తెలుగువాడుండడు. నిజంగా పులి వచ్చిన రోజు, అంటే నిజంగా పేజీ మారిన రోజు, ఆ తేదీని ఎవరూ చదవరు. అబద్ధపు తేదీ కన్నా తేదీ లేకపోవడం మేలు. ఇంట్లో కూర్చుని రాసిన అడంగల్ ఇదే.

జాబితాలో ఉండకూడనివి ఉండడం ఇంకో రకం అబద్ధం. తీసేసిన పేజీలు, వేరే చిరునామాకు మళ్లించినవి, ఒకే సరుకును ధర వరసలో, రంగు వరసలో చూపించే నకళ్లు, సెర్చ్‌లో పెట్టొద్దని మనమే నోఇండెక్స్ అని గుర్తు పెట్టినవి. ఒక చేత్తో రమ్మంటూ ఇంకో చేత్తో పొమ్మంటే వచ్చేవాడు ఏ చెయ్యి చూడాలి?

సైట్‌మ్యాప్ మీద ఉన్న ఇంకో అభియోగం, అది ఇంటి గుట్టు బయటపెడుతుందని. ఇది ఉత్త భయం కాదు, నా చేతి మీదుగానే జరిగింది. ఒక చిన్న ప్రచురణకర్త కోసం ఈ-పుస్తకాలు అమ్మే సైటు పెట్టాను. డబ్బు కట్టాక 'ధన్యవాదాలు' అనే పేజీ వస్తుంది, అందులో పుస్తకం దించుకునే లింకు. ఆ పేజీకి తాళం వేయలేదు, చిరునామా ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. ప్లగిన్‌కు అది కూడా మామూలు పేజీయే, శుభ్రంగా జాబితాలో ఎక్కించింది. కొన్ని వారాలపాటు ఆ పుస్తకం, పేరు వెతికిన ప్రతివాడికీ ఉచితం. రచయిత ఫోన్ చేసి, "బాబూ, నా పుస్తకం బాగా చదువుతున్నారు, డబ్బులు మాత్రం రావడంలేదు" అన్నప్పుడు గాని నాకు తెలియలేదు. వర్డ్‌ప్రెస్ సొంతంగా ఇచ్చే సైట్‌మ్యాప్‌లో రచయితల పేజీల జాబితా కూడా ఉంటుంది. మార్చుకోకపోతే ఆ చిరునామాలో కనిపించేది చాలాసార్లు లాగిన్ పేరే. తాళంచెవి ఇవ్వకపోయినా తాళం ఏ గదికి ఉందో చెప్పినట్టు. కాపీ కొట్టేవాళ్లకూ ఈ జాబితా సులువు చేస్తుంది. వంటల సైటు మొత్తాన్ని ఎత్తుకుపోవాలంటే ముందు అడిగేది సైట్‌మ్యాపే. భాషా నమూనాల శిక్షణకు పేజీలు ఏరుకునే బాట్లకూ అది తెరిచిన పుస్తకమే.

అయితే సైట్‌మ్యాప్ తీసేస్తే గుట్టు దాగుతుందా? దాగదు. నా 'ధన్యవాదాలు' పేజీ ఇవాళ కాకపోతే రేపు ఎవరో ఒకరు వాట్సాప్‌లో పంచుకునేవారు. తప్పు తాళం వేయకపోవడం, జాబితా దాన్ని త్వరగా బయటపెట్టింది. అందుకే ఈ అభియోగంలో సగమే సైట్‌మ్యాప్ మీద మోపుతాను. మిగతా సగం నాది.

మనుషుల కోసం పెట్టే సైట్‌మ్యాప్ పేజీ గురించి ఒక మాట. ప్రభుత్వ సైట్ల అడుగున చిన్న అక్షరాల్లో కనిపించేది అది. సరదాకు పెట్టింది కాదు. ప్రతి పేజీ నుంచీ సెర్చ్ పెట్టె గానీ సైట్‌మ్యాప్ లింకు గానీ అందాలని భారత ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు అడుగుతాయి. వికలాంగులకు అనుకూలంగా ఉండే సైట్ల అంతర్జాతీయ ప్రమాణాలు కూడా ఒక పేజీకి చేరే దారులు ఒకటికన్నా ఎక్కువ ఉండాలంటాయి, సైట్‌మ్యాప్ పేజీ వాటిలో ఒకటి. వాణిజ్య సైట్లు దీన్ని ఎప్పుడో వదిలేశాయి, ఎవరూ నొక్కరని. నొక్కేవాళ్లు తక్కువన్నది నిజమే. కానీ ఆ తక్కువమందిలో చూపులేక స్క్రీన్‌రీడర్ మీద ఆధారపడేవాళ్లున్నారు, మౌసు పెడితే జారే మెనూలతో పెనుగులాడలేని పెద్దవాళ్లున్నారు. మేష్టారికి ఏడాదికో పేజీ పెట్టమన్నప్పుడు క్రాలర్ ఎంత గుర్తుందో వీళ్లూ అంతే గుర్తున్నారు. ఎక్స్‌ఎంఎల్ ఫైలుకు వచ్చే శ్రద్ధలో పదో వంతు ఈ పేజీకి వస్తే బాగుండునని నాకెప్పుడూ ఉంటుంది.

బావమరిది బిల్లు దగ్గరికి వస్తాను. అక్కర్లేదని అనేశాక, మనసొప్పక రాత్రి మళ్లీ అతని సైటు తెరిచాను. వర్డ్‌ప్రెస్‌లో కట్టింది. వర్డ్‌ప్రెస్ 2020 ఆగస్టులో వచ్చిన 5.5 వెర్షన్ నుంచి సైట్‌మ్యాప్‌ను తనంతట తానే తయారుచేసుకుంటుంది, ఎవరూ ముట్టుకోనక్కర్లేదు. సైటు చిరునామా చివర ఆ ఫైలు పేరు కొట్టి చూస్తే వచ్చింది. నాలుగు వేలు కట్టకముందు నుంచీ ఉన్నదే. కుర్రాడు చేసిందల్లా దాన్ని సెర్చ్ కన్సోల్‌లో ఎక్కించడం. అది పావుగంట పని, అయినా చేతకానివాడికి అది కూడా పనే. ఆ మాట కుర్రాడి తరఫున చెప్పాలి.

జాబితా చదివాను. పద్నాలుగు అనుకున్నవి పదహారున్నాయి. అదనంగా ఉన్న రెండిటిలో ఒకటి 'హలో వరల్డ్', రెండోది 'శాంపిల్ పేజ్'. వర్డ్‌ప్రెస్ వేసిన రోజు నుంచి తీయకుండా వదిలేసినవి. గోంగూర పక్కన, పండుమిరప పక్కన, 'హలో వరల్డ్' దర్జాగా కూర్చుని ఉంది.

ఫోన్ చేసి రెండూ తీసేయమన్నాను. "తీసేస్తా బావా. ఇంకేమైనా ఉందా?"

"ఆవకాయ పేజీ తేదీ చూడు. సైటు పెట్టిన రోజుదే ఉంది."

"అవును, అప్పటి నుంచి ముట్టుకోలా."

"మరి ధర?"

అటువైపు కాసేపు మాట లేదు. ఆ వేసవిలో కాయ ధర పెరిగింది, నువ్వుల నూనె ధర పెరిగింది, షాపులో బోర్డు రెండుసార్లు మారింది. సైటులో మాత్రం పోయినేటి రేటుకే కిలో ఆవకాయ అమ్ముతున్నాడు. అమెరికా ఆర్డర్లు ఎందుకు ఎక్కువయ్యాయో అప్పుడు అర్థమైంది.

"ఒక్క నిమిషం ఉండు బావా, ల్యాప్‌టాప్ తెస్తా" అన్నాడు.